రెండు రిపోర్టులు రెండు రకాలుగా ఎందుకొచ్చాయి?

రక్తపరీక్షల మీద పాఠకుల సందేహాలకు బెంగళూరులో చాలా ఏళ్ళు ఆసుపత్రి బయోకెమిస్ట్రీ ల్యాబ్ నడిపిన డాక్టరు జవాబులు

ప్రశ్న: మేడమ్, మాది ప్రొద్దుటూరు. ఉద్యోగాల కోసం వచ్చి మారతహళ్ళిలో ఉంటున్నాం. నాకు 34 ఏళ్ళు. పోయిన ఏడాది చివర్లో ఆఫీసు హెల్త్ క్యాంపులో టీఎస్‌హెచ్ 6.4 వచ్చింది. టీ4 బాగానే ఉంది కాబట్టి ఇప్పుడే మాత్రలొద్దని, మూడు నెలలాగి మళ్ళీ చేయించుకుని రమ్మని డాక్టరుగారు చెప్పారు. ఈలోపు జుట్టు విపరీతంగా రాలుతుంటే మా ఆడపడుచు మాట విని బయోటిన్ మాత్రలు మొదలుపెట్టాను. మొన్న ఆఫర్ ఉందని డెబ్బై పరీక్షల ఫుల్ బాడీ ప్యాకేజీ బుక్ చేస్తే ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్ళారు. ఈసారి టీఎస్‌హెచ్ 0.2, ఫ్రీ టీ4 ఎక్కువ అని వచ్చింది. తక్కువ పనిచేసే థైరాయిడ్ ఇప్పుడు ఎక్కువ పనిచేస్తోందా? ఆ ల్యాబ్ మంచిది కాదని మా అత్తగారు, ఇంకోచోట చేయిద్దామని మావారు అంటున్నారు. ఏ ల్యాబ్‌కి వెళ్ళాలి, ఏ పరీక్ష అడగాలి, పరగడుపునే వెళ్ళాలా? ఒకటే టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకురాలు, మారతహళ్ళి

జవాబు: అమ్మా, టీ4 థైరాయిడ్ గ్రంథి చేసే హార్మోన్. టీఎస్‌హెచ్ ఆ గ్రంథిని పనిచేయించే హార్మోన్, గ్రంథి మందగిస్తే అది పెరుగుతుంది, ఎక్కువ పనిచేస్తే తగ్గుతుంది. ఇక మీరు ఒక్క ముక్కలో చెప్పి దాటేసిన బయోటిన్ అనే బి విటమిన్ దగ్గరే నేను ఆగిపోయాను. ఇంట్లో ఆ డబ్బా తీసి వెనకవైపు చదవండి. జుట్టు కోసం అమ్మేవాటిలో 5,000 మైక్రోగ్రాములు, 10,000 మైక్రోగ్రాములు మామూలే. మనిషికి రోజుకు కావలసింది 30 మైక్రోగ్రాముల చుట్టుపక్కల.

అంత బయోటిన్ వల్ల ఒంటికి పెద్ద హాని లేదు, మిగిలింది మూత్రంలో పోతుంది. ఇబ్బందల్లా పరీక్ష చేసే యంత్రంతోనే. హార్మోన్లు కొలిచే కిట్లలో చాలావాటిలో బయోటిన్‌నే వాడతారు. స్ట్రెప్టావిడిన్ అనే ప్రోటీన్ దాన్ని గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి, ఆ పట్టులో చిక్కినదాని నుంచి వచ్చే వెలుగును కొలిచి లెక్క తేలుస్తారు. మీ రక్తంలోనే బయోటిన్ నిండా ఉంటే, బస్సు కిటికీలోంచి ముందే కర్చీఫులు వేసినట్టు, ఆ చోట్లన్నీ అదే ఆక్రమించేస్తుంది. యంత్రానికి కనిపించాల్సిన వెలుగు తగ్గిపోతుంది. టీఎస్‌హెచ్ పరీక్షలో వెలుగు తగ్గితే హార్మోన్ తక్కువని లెక్క. ఫ్రీ టీ4 కొలిచే పద్ధతి దీనికి తిరగేసి ఉంటుంది, అక్కడ వెలుగు తగ్గితే హార్మోన్ ఎక్కువని లెక్క. అందుకే రెండూ కలిసి అచ్చం హైపర్‌థైరాయిడ్ (థైరాయిడ్ ఎక్కువ పనిచేయడం) రిపోర్టులా తయారవుతాయి. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే దీని మీద హెచ్చరిక ఇచ్చింది. అయినా ఇక్కడ రక్తం తీయడానికి వచ్చే అబ్బాయి షుగర్ ఉందా, బీపీ ఉందా అని అడుగుతాడు గానీ జుట్టుకేమైనా వాడుతున్నారా అని అడగడు. నేను ల్యాబ్‌లో ఉండగా ఇలాంటి రిపోర్టు వచ్చిన ఒకామెను 'మందులేమైనా వాడుతున్నారా' అంటే లేదంది. 'విటమిన్లు?' అనేసరికి హ్యాండ్‌బ్యాగులోంచి గమ్మీల డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. విటమిన్ మందు కిందికి రాదని మనందరి నమ్మకం.

మీ విషయంలో కారణం ఇదేనని ఉత్తరం చూసి తేల్చలేను. కొన్ని యంత్రాల్లో బయోటిన్ వాడరు, కొత్త కిట్లు కొన్ని ఎక్కువ మోతాదుకూ తట్టుకుంటాయి. నిజంగానే థైరాయిడ్ గ్రంథి వాచి, నిల్వ ఉన్న హార్మోన్ ఒక్కసారిగా రక్తంలోకి వచ్చేసే సందర్భాలూ ఉన్నాయి. కాబట్టి గుండె దడ, చేతుల వణుకు, తింటున్నా బరువు తగ్గడం ఉంటే మళ్ళీ పరీక్ష అంటూ కూర్చోకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళండి. అవేవీ లేకపోతే బయోటిన్ మానేయండి. కనీసం రెండు రోజులు ఆపాలని అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ చెబుతుంది. మీరు వాడేది పెద్ద డోసు కాబట్టి నేనైతే వారం ఆగమంటాను. అప్పుడు టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 రెండే చేయించండి. ఈసారి టీఎస్‌హెచ్ మళ్ళీ ఎక్కువగా వస్తే, ఒళ్ళే తన థైరాయిడ్ మీద దాడి చేస్తోందేమో చూపించే యాంటీ టీపీఓ పరీక్ష చేయించాలా అని డాక్టరుగారిని అడగండి. అది ఒక్కసారి పాజిటివ్ వస్తే ఆరు నెలలకోసారి మళ్ళీ మళ్ళీ చేయించే పనిలేదు.

బిల్లు మీద టీ4 పక్కన 'ఫ్రీ' (అంటే ప్రోటీన్‌కు అంటుకోకుండా విడిగా ఉన్న హార్మోన్) అన్న మాట ఉందో లేదో చూసుకోండి. కౌంటర్లో థైరాయిడ్ అనగానే టీ3, టీ4, టీఎస్‌హెచ్ అని మూడూ కట్టేస్తారు. అందులో టీ3, టీ4 టోటల్‌వి (ప్రోటీన్‌కు అంటుకున్నదీ కలిపి కొలిచేవి) అయితే, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్ళకు గ్రంథి బాగున్నా అంకె పెరుగుతుంది, ఎందుకంటే ఆ మాత్రల వల్ల హార్మోన్‌ను మోసే ప్రోటీన్ పెరుగుతుంది.

ల్యాబ్ సంగతి. అత్తగారన్నట్టు ఆ ల్యాబ్ చెడ్డదనడానికి ఈ రిపోర్టు సాక్ష్యం కాదు. మీవారన్నట్టు మూడోచోట చేయిస్తే మూడో యంత్రం, మూడో పద్ధతి, మూడో అంకె. ఒకే రక్తానికి రెండు కంపెనీల యంత్రాలు కాస్త తేడాగా చూపించడం మామూలే. క్యాంపువాళ్ళు ఎక్కడ చేయించారో పాత రిపోర్టు అడుగున ఉంటుంది, వీలైతే అక్కడికే వెళ్ళండి. కొత్తచోటికి వెళ్ళక తప్పకపోతే ల్యాబుల నాణ్యతకు గుర్తింపునిచ్చే ఎన్ఏబీఎల్ సంస్థ గుర్తు ఉందేమో చూడండి. ఆ గుర్తింపు ల్యాబ్ మొత్తానికి కాదు, ఏ పరీక్షకు ఆ పరీక్షకు ఇస్తారు, కాబట్టి టీఎస్‌హెచ్ ఆ జాబితాలో ఉందా అని అడగడంలో తప్పులేదు. కర్ణాటకలో ప్రైవేటు ల్యాబులు 2007 నాటి ప్రైవేటు వైద్య సంస్థల చట్టం (కేపీఎంఈ) కింద రిజిస్టరై ఉండాలి, సర్టిఫికెట్ గోడ మీద కనబడాలి. వీధి చివర బోర్డు పెట్టుకున్నవాటిలో చాలావరకు రక్తం తీసి పంపే కలెక్షన్ సెంటర్లే, పరీక్ష జరిగేది ఇంకెక్కడో. ఎక్కడని అడిగితే చెప్పగలగాలి.

ఇంటికి పిలిపించుకుంటే ట్యూబు మీద పేరు, వయసు మీ కళ్ళముందే రాయించండి లేదా స్టిక్కర్ అంటించమనండి. పేరు రాయని ట్యూబులు సంచిలో వేసుకుని కింద బండి దగ్గర రాసుకుంటాననేవాళ్ళతో ఒప్పుకోవద్దు. అవుటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో శాంపిల్ ఓ రెండు గంటలు ఆలస్యమైనా టీఎస్‌హెచ్‌కి ఏమీ కాదు, అది గట్టి హార్మోన్. అదే శాంపిల్‌లో పొటాషియం లెక్క మాత్రం తారుమారవుతుంది.

పరగడుపు నియమం షుగర్, కొవ్వు పరీక్షల కోసం. థైరాయిడ్‌కి తప్పనిసరి కాదు, మంచినీళ్ళు నిరభ్యంతరంగా తాగొచ్చు. కాకపోతే టీఎస్‌హెచ్ రాత్రిపూట పెరిగి మధ్యాహ్నానికి తగ్గుతుంది, తిన్నాక కూడా కొంచెం దిగుతుంది. ఉదయం 6.4 ఉన్నవాళ్ళు లంచ్ తర్వాత ఇస్తే ఐదు దగ్గర కనిపించొచ్చు. అందుకని ఎప్పుడు ఇచ్చినా టిఫినుకు ముందు, ఎనిమిదింటికి అటూఇటూగా ఇవ్వండి. వైరల్ జ్వరం తగ్గిన వారంలో మాత్రం వద్దు.

ఆ డెబ్బై పరీక్షల గురించి కూడా ఒక మాట. నార్మల్ రేంజి అనేది ఆరోగ్యవంతుల్లో నూటికి 95 మంది పట్టేలా గీసిన గీత. ఏ జబ్బూ లేనివాళ్ళకైనా డెబ్బైలో మూడో నాలుగో గీత దాటడం లెక్క ప్రకారమే జరుగుతుంది. ప్యాకేజీ చవకే, ఆ ఎర్ర అంకెలు పట్టుకుని డాక్టర్ల చుట్టూ తిరిగే తిరుగుడే చవక కాదు.

ప్రశ్న: నా భార్యకు 58 ఏళ్ళు. థైరాయిడ్ మాత్ర 50 నుంచి 75కి పెంచి మూడు వారాలైంది. పనిచేస్తోందో లేదో ఇప్పుడు చూడొచ్చా? పరీక్ష రోజు మాత్ర వేసుకోవాలా? పొద్దున మాత్ర వేసుకున్న పావుగంటకే ఫిల్టర్ కాఫీ, టిఫిన్ కాగానే కాల్షియం మాత్ర ఆమెకు అలవాటు.
- ఒక రిటైర్డ్ ఉద్యోగి, మల్లేశ్వరం

జవాబు: ఇప్పుడొద్దండీ. మాత్రలోని టీ4 సగానికి తగ్గడానికే వారం పడుతుంది, కొత్త డోసు కుదురుకుని టీఎస్‌హెచ్ దానికి తగ్గట్టు మారడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు కావాలి. ఇప్పుడు చేయిస్తే అంకె ఇంకా ఎక్కువే ఉండి, చాలలేదేమోనని మళ్ళీ పెంచాల్సి వస్తుందనిపిస్తుంది. పరీక్ష రోజు మాత్రను పర్సులో పెట్టుకుని వెళ్ళమనండి, రక్తం ఇచ్చాక వేసుకుంటే సరి. ముందే వేసుకుంటే కొన్ని గంటలపాటు ఫ్రీ టీ4 ఎక్కువగా కనిపిస్తుంది.

అంతకన్నా ముందు ఆ కాఫీ సంగతి చూడండి. మాత్రకీ కాఫీకీ మధ్య కనీసం అరగంట, వీలైతే గంట ఉండాలి. కాల్షియం, ఐరన్ మాత్రలకైతే నాలుగు గంటల ఎడం కావాలి, లేకపోతే కడుపులోనే ఆ మాత్రను పట్టేసి రక్తంలోకి పోనివ్వవు. కాల్షియం మధ్యాహ్నం భోజనానికి మార్చండి. ఈ అలవాట్ల సంగతి డోసు పెంచిన డాక్టరుగారికి తెలుసో లేదో. చెప్పండి, 50 మాత్రే సరిపోయేదేమో ఆయన చూస్తారు.

ప్రశ్న: నేను గర్భవతిని, ఎనిమిదో వారం. ప్రైవేటుగా చేయించుకుంటే టీఎస్‌హెచ్ 3.1 వచ్చింది. నార్మల్ అనే రాశారు. 2.5 దాటకూడదని అక్క అంటోంది. ఇంకో ల్యాబులో చేయించనా? వంటకు హిమాలయన్ పింక్ ఉప్పు వాడుతున్నాం, ఫర్వాలేదా?
- ఒక గృహిణి, ఎలక్ట్రానిక్ సిటీ

జవాబు: మీ అక్క చెప్పిన 2.5 పాత లెక్క. గర్భిణుల కోసం విడిగా రేంజి లేని చోట మొదటి మూడు నెలల్లో నాలుగు వరకు చూడొచ్చని అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ 2017లో మార్చింది. అయితే యాంటీ టీపీఓ పాజిటివ్ ఉన్నా, ఇదివరకు గర్భం పోయినా 3.1ని డాక్టర్లు వేరేగా చూస్తారు. ల్యాబువాళ్ళు రాసిన 'నార్మల్' మామూలు మనుషుల రేంజిని బట్టి రాసింది, మీకు వర్తించదు. కాబట్టి ఇంకో ల్యాబ్ వద్దు, ఇదే కాగితం ఈ వారంలోనే మీ గైనకాలజిస్టుకు చూపించండి. ఇప్పటికే థైరాయిడ్ మాత్ర వాడుతున్నట్టయితే వారం కూడా ఆగొద్దు, గర్భంలో డోసు పెంచాల్సి రావడం ఎక్కువమందికి జరిగేదే.

పింక్ ఉప్పులో అయోడిన్ కలిపినట్టు ప్యాకెట్ మీద రాసి లేకపోతే దాన్ని పక్కన పెట్టి, మామూలు అయోడైజ్డ్ ఉప్పు తెచ్చుకోండి. బిడ్డ మెదడు ఎదుగుదలకు ఇప్పుడు మీకు రోజుకు 250 మైక్రోగ్రాముల అయోడిన్ కావాలి. ఉప్పు వేసే కొలత పెంచక్కర్లేదు, ప్యాకెట్ మారిస్తే చాలు.