లాబీయింగ్ చట్టం వస్తే అధికారి అంటే ఎవరు? మంత్రి సారా, సెక్షన్ల కూసున్న సారా?

కాలేజీ ప్రాజెక్టు కోసం లాబీయింగ్ చట్టం ముసాయిదా రాస్తున్న, అండ్ల ఎవర్ని కలిసి పని అడిగితే లాబీయింగ్ కింద లెక్క చెప్పాల్నో ఆ అధికారుల లిస్టు మంత్రులు, సెక్రటరీల కాడనే ఆపాల్నా, కింది స్టాఫ్ దాక తీస్కపోవాల్నా అని అడిగినవ్ కద తమ్మీ. నేను లాయర్ను కాదు. వరంగల్ల ఒక వ్యాపారుల సంఘంల ఎనిమిదేండ్లు ఆఫీసు పని చూసిన, అంటే వినతిపత్రాలు టైప్ కొట్టుడు, అవి పట్టుకొని ఆఫీసుల చుట్టూ తిరుగుడు. మనకాడ దీన్ని లాబీయింగ్ అని ఎవరంటరు, పైరవీ అంటరు.

మాకు పగటిపూట లారీలు టౌన్లకు రానియ్యకపోవుడు పెద్ద తిప్పలుండె. టైమింగ్ మార్చమని హైదరాబాద్ పోయి మంత్రిని కలిసినం, శాలువా, బొకే, ఫోటో అన్ని అయినయ్, సారు మా కాగితం మూలకు ఆకుపచ్చ ఇంకుతోని "పరిశీలించగలరు" అని రాసిండు, మా ప్రెసిడెంట్ ఆ ఖుషీల అందరికి బిర్యానీ తినిపిచ్చిండు. మూడు నెలలైనా ఏం లేదు. పోయి అడిగితే తెల్సింది, ఆ కాగితం తిరిగి తిరిగి జిల్లాల ఒక ఆఫీసుకే వచ్చింది, అక్కడ సీనియర్ అసిస్టెంట్ నోట్ ఫైల్ల రెండు లైన్లు రాసిండు, పాత ఉత్తర్వులు అమల్ల ఉన్నయ్ గనుక మార్పు అవసరం లేదని. ఆ రెండు లైన్ల కిందనే సూపరింటెండెంటు, ఆయన పైసారు, ఆ పైసారు వరుసగ ఇనీషియల్స్ పెట్టుకుంట పోయిండ్రు. తర్వాత మావోళ్లు ఆ అసిస్టెంట్ సారునే పట్టుకున్నరు, ఎట్ల పట్టుకున్నరో నన్నడగకు, రెండోసారి నోట్ ఇంకో తీరుగ పుటప్ అయింది, అంటే రాసి పైసార్ల ముందట పెట్టిండ్రు.

ఇప్పుడు బ్రిటన్ 2014 చట్టం చూడు. అండ్ల ముఖ్యంగ మంత్రులు, పర్మనెంట్ సెక్రటరీలే (అంటే శాఖల పెద్దాఫీసర్లు) లెక్క, అది గూడ ఫీజు తీస్కొని వేరేటోళ్ల తరఫున మాట్లాడే కన్సల్టెంట్లకే. ఆ లెక్కన మా బిర్యానీ ట్రిప్పూ రాదు, అసలు పని చేసిన రెండోదీ రాదు. అమెరికా 1995 చట్టం జర నయం, హోదాతోపాటు కుర్చీ ఎక్కడున్నదో గూడ చూస్తది: ప్రెసిడెంట్ కార్యాలయంల చిన్న ఉద్యోగి అయినా లిస్టుల ఉంటడు, కాంగ్రెస్ సభ్యుల స్టాఫ్ ఉంటరు, మిలిటరీల అయితే బ్రిగేడియర్ జనరల్ నుంచి పైకి. అంటే మన భాషల పేషీ మొత్తం. నువ్వు గూడ పీఏ, ఓఎస్డీ (స్పెషల్ డ్యూటీ ఆఫీసర్), కలెక్టర్ సీసీ (క్యాంపు క్లర్కు), వీళ్లను అస్సలు ఇడిశిపెట్టకు. తలుపు వాళ్ల చేతులనే ఉంటది.

ఐర్లాండ్ 2015ల లాబీయింగ్ రిజిస్టర్ పెట్టింది, అంటే ఎవరు ఏ అధికారిని ఏం పని మీద అడిగిండ్రో రాసే లెక్క, అండ్ల అధికారులంటే కౌన్సిలర్లు గూడ ఉంటరు. మన గ్రేటర్ వరంగల్‌కు అట్ల పెడితే 66 డివిజన్ల కార్పొరేటర్లందరు వస్తరు, రావాలె గూడ. అక్కడ మనిషి సొంత పని కోసం అడిగితే లాబీయింగ్ కాదు, కాని భూమి జోనింగ్ (ఏ భూమి ఇండ్లకు, ఏది దుకాణాలకు అని తేల్చుడు) ముచ్చటకు మాత్రం ఆ మినహాయింపు లేదు. రింగ్ రోడ్డు పక్కన భూములున్నోళ్లను చూసినోనికి ఎందుకో చెప్పాల్సిన పని లేదు.

మనదేశంల ఇసొంటి చట్టమే లేదు, ఉన్నది 1988 అవినీతి నిరోధక చట్టం. అండ్ల పబ్లిక్ సర్వెంట్ అంటే మస్తు పెద్ద వల, ఎంపీలు గూడ అండ్లకే వస్తరని సుప్రీంకోర్టు 1998ల చెప్పింది. అది మన వంగర ఊరి పీవీ నరసింహారావు గారి కేసే. సభల ఓటుకు లంచం తీస్కున్నా రక్షణ ఉంటదని అదే తీర్పుల ఇంకో మాట ఉండె, దాన్ని 2024 మార్చిల ఏడుగురు జడ్జీల బెంచి కొట్టేసింది. 2018ల చేర్చిన 7ఏ సెక్షన్ ఇంకా పనికొస్తది, తన పలుకుబడితోని పని చేపిస్తనని పైసలు తీస్కునేటోడు అండ్ల దొరుకుతడు. సారు బామ్మర్ది ఏ లిస్టుల ఉండడు కద మరి.

కాని ఆ పబ్లిక్ సర్వెంట్ నిర్వచనాన్ని నీ ముసాయిదాల ఉన్నదున్నట్టు దింపకు. లంచానికి అది సరిపోతది, లాబీయింగ్‌కు పెడితే సోమవారం ప్రజావాణిల పింఛన్ కాగితం పట్టుకొని నిలబడ్డ ముసలమ్మ గూడ రిజిస్టర్ చేసుకోవాల్సి వస్తది. లిస్టును నోట్ పుటప్ చేసేటోని దాక దింపు, లెక్క చెప్పే బాధ్యత మాత్రం ఫీజు తీస్కొని తిరిగేటోని మీద, సంఘాల మీద, కంపెనీల మీద పెట్టు. నా అసొంటోని మీద అన్నట్టు.

ఇంకోటి, లిస్టుల మనుషుల పేర్లు కాదు, పోస్టు పేర్లు రాయి. మన ఆఫీసు వెబ్‌సైట్లల ట్రాన్స్‌ఫర్ అయిపోయిన సారు ఫోటో ఎన్ని రోజులుంటదో నీకూ తెల్సు.