'లగ్ జా గలే' పాట వెనుక ఉన్న ఇద్దరు ఎవరు? వాళ్ల జోడీ ప్రత్యేకత ఏంటి?

రాసింది రాజా మెహదీ అలీ ఖాన్, బాణీ కట్టింది మదన్ మోహన్. 1964లో వచ్చిన 'వో కౌన్ థీ' సినిమా కోసం లతా మంగేష్కర్ పాడారు. ఈ సినిమానే తెలుగులో 'ఆమె ఎవరు?' (1966)గా తీశారు.

రాజా సాబ్‌కి హాస్య కవిగా మంచి పేరు. అలాంటి మనిషి ఇంత దిగులున్న పాట రాయడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. ఈ జన్మలో మళ్లీ కలుస్తామో లేదో అన్న ఒక్క భయం చుట్టూ పాటంతా అల్లారు. మాటలన్నీ తేలిక, నిఘంటువు అక్కర్లేదు. మదన్ మోహన్ కూడా పహాడీ రాగం ఛాయలో బాణీని నెమ్మదిగా నడిపి, వాద్యాల హోరు లేకుండా గొంతుకే చోటిచ్చారు. గజల్ అంటే ఆయనకు ప్రాణం.

అంతకుముందు 'అన్‌పఢ్' (1962)లో 'ఆప్ కీ నజరోం నే సమ్ఝా' కూడా వీళ్లదే. 'మేరా సాయా' (1966) తప్పకుండా వినండి. గుండె పిండే టైటిల్ పాట, ఆశా భోస్లే హుషారుగా పాడిన 'ఝుమ్కా గిరా రే' రెండూ అందులోనివే. రాజా సాబ్ అదే ఏడాది కన్నుమూశారు. మదన్ మోహన్ 1975లో వెళ్లిపోయారు. ఆయన వాడకుండా వదిలేసిన బాణీలతోనే 2004లో 'వీర్-జారా' పాటలు వచ్చాయి.