పాత డర్ట్ బైక్‌కి ఇంట్లోనే స్ప్రే డబ్బాలతో రంగు వేసుకుంటే నిలుస్తుందా?

నిలుస్తుంది, పెట్రోల్ ట్యాంకు మీద తప్ప. ఆ సంగతి నేను బంకులో నలుగురి ముందూ నేర్చుకున్నాను.

మా బాబాయికి భీమవరం పక్కన రొయ్యల చెరువులున్నాయి. చెరువు గట్ల మీద తిరగడానికని 2012లో హీరో ఇంపల్స్ కొన్నాడు. ఎత్తైన బండి, స్పోక్ చక్రాలు, గతుకుల్లో నడుం విరగని సస్పెన్షన్. తొమ్మిదేళ్లు ఉప్పునీటి బురదలో తిప్పి, ఆ తర్వాత పాకలో పడేశాడు. నా చేతికొచ్చేసరికి వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్ కింద గోటితో గీకితే తుప్పు పెచ్చులు పెచ్చులుగా ఊడొచ్చేది.

మొదట చేసిన తప్పు, ఆ తుప్పును ఎమిరీ పేపర్‌తో రుద్దేసి వెంటనే ప్రైమర్ అనే అడుగుపూత, పైన నల్లరంగు కొట్టేయడం. రెండు నెలలకి రంగు కింద నుంచి చెమటకాయల్లా బుడగలు లేచాయి. ఊళ్లో ఒక పాత పెయింటర్ చూసి, "ఉప్పు కడగలేదా బాబూ?" అన్నాడు. అంతే. ఇనుము మీద ఉప్పు మిగిలితే పైన ఎంత ఖరీదైన రంగు వేసినా అది చెమ్మను లాక్కుంటూనే ఉంటుంది. మళ్లీ అంతా గీకి, మంచినీళ్లతో నాలుగుసార్లు కడిగి, ఎండలో ఆరబెట్టి వేశాను. ఏ కంపెనీ పెయింట్ వాడారని అందరూ అడుగుతారు. ఎన్నిసార్లు కడిగారని ఒక్కరూ అడగరు.

ట్యాంకు బయట ఇవ్వొచ్చుగా అంటారేమో. ఇంతకుముందు వేరే బండి ట్యాంకు ఒక షాపులో ఇచ్చాను. రెండ్రోజులన్నవాడు నెలన్నర తిప్పాడు. సొట్ట తీయకుండా దాని మీద దిబ్బరొట్టె మందాన లప్పం పెట్టి రంగేసిచ్చాడు. ఏడాదికల్లా అది పగిలి ముక్కలుగా రాలింది. అందుకే ఈసారి మా డాబా మీదే మొదలుపెట్టాను.

ట్యాంకు లోపల తుప్పుకి ఒక రాత్రంతా వెనిగర్ పోసి ఉంచి, పొద్దున వంటసోడా నీళ్లతో కడిగి ఆరబెట్టాను. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్ వచ్చాక ట్యాంకుల్లో తుప్పు ఎక్కువైందని నా గట్టి నమ్మకం, రుజువులు మాత్రం అడక్కండి. బయట 320 నంబరు పేపర్, ప్రైమర్, 800 వాటర్ పేపర్, ఆపైన ఎరుపు పల్చగా మూడు కోట్లు. సంక్రాంతి వెళ్లాక వేశాను కాబట్టి బాగా ఆరింది. వానాకాలం చెమ్మలో వేస్తే రంగు మీద తెల్లగా పొగ కమ్మినట్టవుతుంది.

వారం ఆగి, ముస్తాబు చేసిన బండి మీద బంకుకి వెళ్లాను. కుర్రాడు పైపు తీస్తుంటే నాలుగు చుక్కలు మూత పక్కన పడ్డాయి. జేబురుమాలుతో తుడిచాను. రుమాలు ఎర్రగా అయింది. కంగారులో ఇంకా గట్టిగా తుడిచాను. కింద ప్రైమర్ బూడిదరంగులో అరచేయంత కనిపించింది. "అయ్యో, రంగు దిగిపోతోందండి," అన్నాడు కుర్రాడు, వెనక లైన్లో ఉన్నవాళ్లకి కూడా వినపడేలా. ఇంటికొచ్చాక బాబాయి నా చేతులు చూసి, "ఏరా, గోరింటాకు పెట్టుకున్నావా?" అన్నాడు.

మామూలు స్ప్రే రంగు పెట్రోల్ తగిలితే కరిగిపోతుంది. పైన టూకే క్లియర్ కొట్టాలి, అంటే హార్డెనర్ అనే మందు కలిసి గట్టిపడే, రంగులేని పారదర్శక పూత. డబ్బా అడుగున బటన్ నొక్కితే రెండూ కలుస్తాయి. ఒకసారి నొక్కాక దాచుకుందామంటే కుదరదు, లోపలే గట్టిపడిపోతుంది. దాని ఆవిరి ఊపిరితిత్తులకి ప్రమాదం. మూతికి రుమాలు కట్టుకుంటే చాలదు, ఫిల్టర్లున్న మాస్క్ కావాలి. నేను రెండోసారి అలాగే వేశాను. ఇప్పుడు పెట్రోల్ చుక్క పడి తుడిస్తే చుక్కే పోతోంది, రంగు పోవట్లేదు.

ప్లాస్టిక్ మడ్‌గార్డుల జోలికి వెళ్లకండి. వంగే ప్లాస్టిక్ మీద ప్రత్యేకమైన ప్రైమర్ లేకుండా ఏ రంగూ పట్టదు. నేను సబ్బుతో తోమి వదిలేశాను.

ఇంకో మాట. దయచేసి మ్యాట్ బ్లాక్, అంటే మెరుపులేని నలుపు, వేయకండి. ఎవరి పాత బండి చూసినా అదే, పైన ఒక పుర్రె స్టిక్కరు. పైగా ఆర్‌సీలో రంగు రాసి ఉంటుంది, మారిస్తే అక్కడా మార్పించాలి. 2027కి ఈ బండికి పదిహేనేళ్లు నిండుతాయి, రెన్యువల్‌కి ఎలాగూ ఆర్టీవో ఆఫీసుకి వెళ్లాలి. అక్కడ ఇంకో కౌంటర్ దగ్గర కూడా నిలబడే ఓపిక నాకు లేదు. అందుకే పాత ఎరుపే ఉంచాను.

బండి ఇచ్చిన మర్నాడే బాబాయి మేత బస్తా ట్యాంకు మీద పెట్టుకుని చెరువుకి వెళ్లాడు. కింద గోనెసంచి అయినా వేసుకోవచ్చుగా బాబాయ్ అంటే, "బండి ఉన్నది ఎందుకురా మరి?" అన్నాడు. రెండు గీతలు పడ్డాయి. డబ్బాలో మిగిలిన ఎరుపు దాచాను గానీ, క్లియర్ డబ్బా మాత్రం మళ్లీ కొత్తది కొనాలి.