ఖాళీ ఇంట్లో మొదటి నెల: బుజ్జికి పెద్దమ్మ లేఖ

చిరంజీవి బుజ్జికి, పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

నిన్న రాత్రి నీవు ఫోనులో మాట్లాడుతుంటే నీ గొంతు నూతిలో నుంచి వస్తున్నట్టు వినిపించింది. సిగ్నల్ బాగాలేదేమో అనుకున్నాను. సామాను లేని హాలులో నిలబడి మాట్లాడుతున్నానని నీవు చెప్పాక సంగతి అర్థమైంది. మియాపూర్‌లో రెండు పడక గదుల ఇల్లు, అందులో రెండు సూట్‌కేసులు, ఒక చాప, మీ అమ్మ గుడ్డ కట్టి ఇచ్చిన ఆవకాయ జాడీ. ఈ ఆదివారమే వెళ్లి సోఫా, డబుల్‌కాట్, డైనింగ్ టేబుల్ వాయిదాల మీద ఒకేసారి తెచ్చేస్తానన్నావు చూడు, ఆ మాట విన్నాకే ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. ఫోనులో చెబితే ‘సరే పెద్దమ్మా’ అని పెట్టేస్తావు.

1991లో మీ పెదనాన్నగారికి హైదరాబాదు బదిలీ అయినప్పుడు మేము నల్లకుంటలో మేడమీద ఒక పోర్షన్‌లో దిగాము. బోసిగా ఉన్న గదులను చూడలేక నాలుగో రోజునే టేకు మంచం కొన్నాము. అది మెట్ల మలుపు దగ్గర ఇరుక్కుని పైకి రాక, కిందికి పోక, కింది వాటావారు ఒక పూట ఇల్లు కదలడానికి లేకుండా చేసింది. చివరికి వడ్రంగిని పిలిపించి తలవైపు పలకను రెండు ముక్కలుగా కోయించి, పైకి చేరాక బోల్టులు బిగించాము. ఇప్పటికీ ఆ మంచం మీద అటు తిరిగినా ఇటు తిరిగినా కిర్రుమంటుంది. మీ పెదనాన్నగారు దానిని మన తొందరపాటు అరుపు అంటారు.

అందుచేత నేను చెప్పేది ఒక్కటే: నెల రోజులు ఆ ఇంటిని దాదాపు ఖాళీగానే ఉంచి అందులో కాపురం చేయి. ఎండ ఏ గదిలోకి ఎన్ని గంటలకు వస్తుందో, పడమటి గోడ రాత్రి ఎంతసేపటికి చల్లబడుతుందో, ఏ కిటికీ కింద వాన నీరు ఊరుతుందో, లిఫ్టు చప్పుడు ఏ గోడ వెంట వినిపిస్తుందో సామాను సర్దేశాక తెలిసి ప్రయోజనం లేదు. మంచం తలవైపు ఎటు ఉండాలో నిశ్చయించుకోవడానికి కనీసం పది రాత్రులు ఆ గదిలో పరుపు నేలమీదే వేసుకుని పడుకోవాలి. పరుపు మాత్రం మంచిది కొను, అందులో పొదుపు వద్దు. మంచం ఆగుతుంది, నడుము ఆగదు.

ఇక సామాను కంటే ముందు చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. అద్దె ఒప్పందం పదకొండు నెలలకే రాశారేమిటని నీకు అనుమానం వచ్చినట్టుంది. పదకొండు నెలలకు రాసుకోవడం అందరికీ అలవాటే, అందులో మోసమేమీ లేదు. నీవు చూడవలసింది వేరే ఉంది. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద ఒక నెల అద్దె పట్టుకుంటామన్న మాట అందులో ఉందా, మెయింటెనెన్స్ అద్దెలో కలిసిందా విడిగానా, అడ్వాన్సు ఎన్ని రోజులలో తిరిగి ఇస్తారు అన్నవి చదువు. గోడల మీద చెమ్మ మరకలు, పగిలిన టైల్సు, తలుపు మూలల్లో చెద పట్టిన చోట్లు ఇప్పుడే ఫొటోలు తీసి ఇంటివారికి వాట్సాప్‌లో పంపు. కరెంటు మీటరు తెర మీద అంకెలు ఒకదాని తర్వాత ఒకటి మారుతుంటాయి. కేడబ్ల్యూహెచ్ (అంటే వాడిన యూనిట్లు) అని వచ్చేదాకా ఆగి దానిని ఫొటో తీసి, సర్వీసు నంబరు మీద పాత బకాయి ఏమైనా ఉందేమో చూసుకో. మేము ఒకసారి ఇది చూసుకోక, మాకు ముందున్నవారు మూడు నెలలు వాడుకున్న కరెంటుకు డబ్బు కట్టాము.

బాత్‌రూములో వాసన వస్తోందనీ, బొద్దింకలు కూడా కనబడ్డాయనీ అన్నావు. దానికి వెంటనే మందు కొట్టేవాళ్లను పిలవకు. నేలమీద నీరు పోయే జాలీ కింద గొట్టం వంపులో ఎప్పుడూ కొంచెం నీరు నిలిచి ఉంటుంది. కిందనుంచి వాసన, పురుగులు పైకి రాకుండా ఆ నీరే మూత. ఇల్లు రెండు మూడు నెలలు తాళం వేసి ఉంటే అది ఆవిరైపోతుంది. ప్రతి జాలీలో ఒక బకెట్ నీళ్లు పోసి, వాడని రెండో బాత్‌రూములో వారానికి ఒక చెంబెడు పోస్తుండు. చాలావరకు అంతటితో తీరిపోతుంది.

నీళ్ల సంగతి మాత్రం ఓపికగా తెలుసుకోవాలి. హైదరాబాదులో కృష్ణ నుంచి వచ్చినా గోదావరి నుంచి వచ్చినా మునిసిపల్ నీటిని మంజీరా నీళ్లనే అనడం అలవాటు. మీ అపార్ట్‌మెంటులో ఏ కుళాయిలో మంజీరా, ఏ కుళాయిలో బోరు, ట్యాంకరు నీరు ఏ రోజుల్లో కలుపుతారు అని వాచ్‌మన్‌ను అడుగు. అతనికి తెలిసినంత ఇంటి యజమానికి కూడా తెలియదు. వంటింటి కుళాయి నీటిని, కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు పెట్టి వేరు వేరు రోజుల్లో చూడు. తాగే నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలని భారతీయ ప్రమాణాల సంస్థ చెబుతుంది. అంతకంటే బాగా తక్కువ వస్తుంటే, అమ్మేవాడు ఎంత బెదిరించినా ఆర్వో మిషను అవసరం లేదు, మామూలు ఫిల్టరు సరిపోతుంది. బోరు నీరే అయితే నాలుగు రోజుల్లో నీ బకెట్ అంచున తెల్లటి చార కనిపిస్తుంది, జుట్టు బిరుసెక్కుతుంది. అదే చార గీజరులోపల కూడా పేరుకుంటుందని గుర్తుంచుకుని ఏడాదికొకసారి దానిని విప్పించి శుభ్రం చేయించాలి.

వంటకు ముందుగా ఇండక్షన్ పొయ్యి తీసుకుంటానన్నావు, మంచిదే. అయితే 2000 వాట్ల పొయ్యి తొమ్మిది ఆంపియర్ల దాకా లాగుతుంది, చిన్న ప్లగ్గు ఆరు ఆంపియర్లకే. పెద్ద రంధ్రాలున్న 16 ఆంపియర్ల సాకెట్ ప్లాట్‌ఫాం మీద ఎక్కడుందో చూసుకుని, పొయ్యి స్థానం దానిని బట్టి పెట్టుకో. చిన్న ప్లగ్గుకు ఎక్స్‌టెన్షన్ బాక్స్ తగిలించి నడిపితే వైరు కాలి ముద్దవుతుంది. గ్యాస్ కావాలంటే, చిరునామా కాగితాలు తయారయ్యేలోగా 5 కిలోల చిన్న సిలిండరు గుర్తింపు కార్డు చూపితే ఇస్తారు. తర్వాత 14.2 కిలోల కనెక్షన్ పెట్టుకోవచ్చు.

మొదటి వారానికి నీకు కావలసినవి పరుపు, బకెట్, చెంబు, కొత్త చీపురు, పడక గదికి కర్టెన్లు, సొంత తాళం, మూడు లీటర్ల కుక్కర్, రెండు గిన్నెలు, ఒక కత్తి. ఇంటివాళ్లు ఇచ్చిన తాళంచెవులు ఇంతకుముందు ఎంతమంది చేతులు మారాయో మనకు తెలియదు కనుక మొదటి రోజే గొళ్లేనికి నీ తాళం వేయి. పాలు పొంగించావా అని మీ అమ్మ అడిగి ఉంటుంది. ఇండక్షన్ మీద పొంగినా పొంగినట్టే. అన్నట్టు, ఆషాఢంలో దిగావని మీ మేనత్తలు ఏమైనా అంటే పట్టించుకోకు. ఆ నెలలో మనవాళ్లు ఇల్లు మారరు కనుకనే ఇంటివారు అద్దెలో వెయ్యి రూపాయలు తగ్గించారు.

కొనుగోళ్లకు తొందర లేదన్నాను కానీ, ఎక్కడ కొనాలో చెబుతాను. స్టీలు సామానుకు పెద్ద మాల్‌కు వెళ్లవద్దు. మెట్రో ఎక్కి ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషనులో దిగి ఆటోలో బేగంబజార్ పో. అక్కడ గిన్నెలు తూకం వేసి ఇస్తారు. వేలితో అడుగును నొక్కి చూడు, లొట్ట పడేది కొనకు. కూరగాయలకు కూకట్‌పల్లి రైతుబజారు ఉంది. 1999లో ఈ బజార్లు మొదలైన నాటి నుంచీ ఏ రోజు ధరలు ఆ రోజు బోర్డు మీద రాసిపెట్టడం ఆనవాయితీ, బేరం అక్కర్లేదు. పాత కుర్చీలూ బల్లలూ ఎర్రగడ్డ ఆదివారం సంతలో దొరుకుతాయి కానీ, వాటికంటే మీ అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపే మేలు. అమెరికాకో బెంగళూరుకో వెళ్లేవారు వాషింగ్ మిషన్‌తో సహా సగం ధరకు ఇచ్చేస్తుంటారు. అదీ మీ లిఫ్టులో ఒకసారి ఎక్కిన సామానే. కొత్తది కొన్నా పాతది కొన్నా, ముందు టేపుతో లిఫ్టు లోతు, తలుపు వెడల్పు, మలుపుల దగ్గర జాగా కొలిచి ఒక కాగితం మీద రాసి పర్సులో పెట్టుకో. అంగడిలో సోఫా ఎప్పుడూ చిన్నదిగానే కనిపిస్తుంది.

బాల్కనీ నీకు బాగా నచ్చిందన్నావు. మొక్కలు తెచ్చే ముందు పావురాల వల కట్టించు. అవి ఏసీ పెట్టే చోట గూడు పెట్టాయంటే, పిల్లలు ఎగిరిపోయేదాకా వాటిని కదిలించడానికి నీకు మనసు రాదు, రెట్ట కడగడం మాత్రం తప్పదు.

పక్కింటివారు పలకరిస్తే తలుపు సందులో నుంచి మాట్లాడి పంపేయకు. వారు గిన్నెలో ఏదైనా ఇస్తే మన ఇళ్లలో ఖాళీ గిన్నె తిరిగి పంపడం అలవాటు లేదు, నీ దగ్గర ఏమీ లేకపోతే నాలుగు అరటిపండ్లు పెట్టి ఇవ్వు. ఆదివారం సాయంత్రాలు మాత్రం కొంచెం కష్టంగా ఉంటాయి, అది దాచను. నల్లకుంటలో మొదటి నెల ఆ వేళకు నేను మేడ మెట్ల మీద కూర్చుని కింది వాటావారి రేడియో వినేదాన్ని. నీవు ఆ పూట వంట పెట్టుకో, కుక్కర్ కూత వేస్తుంటే ఇంట్లో మనిషి ఉన్నట్టుంటుంది. కర్టెన్లు కట్టి, నేలమీద ఒక జంపఖానా పరిస్తే గొంతు ప్రతిధ్వనించడం కూడా తగ్గుతుంది.

దసరా సెలవులకు నేనూ మీ పెదనాన్నగారూ వస్తాము. అప్పటికి సోఫా లేకపోయినా ఫరవాలేదు కానీ చేతులున్న కుర్చీ ఒకటి చూసి ఉంచు, ఈ మోకాళ్లతో చాప మీద కూర్చుంటే నన్ను లేపడానికి ఇద్దరు కావాలి. వంటింటి కిటికీ కొలత రాసి పంపు. ఇక్కడ మంగళగిరి చేనేత గుడ్డ ఉంది, కుట్టించి తెస్తాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ