పిల్లలకు ఎలక్ట్రానిక్స్ కిట్: పెట్టె మీది అంకె చూసి కొనకండి

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. మా మనవరాలు విజయవాడలో అయిదో తరగతి చదువుతోంది. పాడైపోయిన టార్చిలైటో, పాత రేడియోనో కనిపిస్తే చాలు, స్క్రూలు విప్పి లోపల ఏముందో చూడనిదే నిద్రపోదు. ఫిబ్రవరిలో పాపకు పదేళ్లు నిండుతాయి. ఆ సందర్భంగా ఒక ఎలక్ట్రానిక్స్ కిట్ కొనివ్వాలని ఉంది. మూడు వేల రూపాయల వరకు పెట్టగలను. దుకాణంలో ఒక పెట్టె మీద వంద ప్రయోగాలని, మరో పెట్టె మీద మూడు వందల ప్రయోగాలని రాసి ఉంది. ఇంకొకటి రోబో కారు. మా అబ్బాయేమో ‘కరెంటుతో ఆటలేమిటి నాన్నా’ అంటున్నాడు. ‘పక్కింటి బాబుకు కొన్న కిట్ రెండు రోజులకే బీరువా మీదికి చేరింది మామయ్యగారూ’ అని మా కోడలు అంటోంది. ఏది కొనమంటారు?
— ఒక తాతగారు, గుంటూరు

సమాధానం: తాతగారూ, మీ ముగ్గురి మాటల్లోనూ పట్టించుకోవలసిన విషయం ఉంది. అయితే ముందుగా పెట్టె మీది అంకెల సంగతి చూద్దాం. ఎందుకంటే చాలామంది పెద్దలు ఆ అంకెను చూసే ఎక్కువ ఖరీదు పెడుతున్నారు.

వంద ప్రయోగాల పెట్టెలో వంద రకాల వస్తువులు ఉండవు. ఈ తరహా కిట్లలో బాగా పేరున్న ఒక అమెరికన్ కంపెనీ వారి చిన్న పెట్టెలో ఉండేవి ముప్పై పైచిలుకు భాగాలే. వాటినే అటూ ఇటూ మార్చి వంద ప్రయోగాలు అంటారు. బల్బుకు మామూలు స్విచ్ కలిపితే ఒక ప్రయోగం, ఆ స్విచ్ తీసేసి అయస్కాంతం దగ్గరికి తెస్తే కలుసుకునే రీడ్ స్విచ్ పెడితే మరొకటి, దాని బదులు వెలుతురుకు స్పందించే సెన్సర్ పెడితే ఇంకొకటి. ఇందులో మోసం లేదు. ఒక్క భాగం మారిస్తే మొత్తం ఎలా మారుతుందో చూడడమే ఈ విద్యలో అసలు పాఠం. కానీ మూడు వందల ప్రయోగాల పెట్టె వంద ప్రయోగాల పెట్టెకు మూడు రెట్లు గొప్పదని మాత్రం అనుకోకండి. మొదటిసారి ఈ పని మొదలుపెట్టే పదేళ్ల పిల్లకు చిన్న పెట్టే మేలని నా గట్టి అభిప్రాయం. భాగాలు తక్కువైతే ప్రతి భాగంతోనూ పరిచయం పెరుగుతుంది, తానుగా కొత్త అమరికలు కల్పించే ధైర్యమూ వస్తుంది.

ఇక రకాల విషయం. భాగాలన్నీ ప్లాస్టిక్ పలక మీద టిచ్ బటన్లలాగా నొక్కితే అతుక్కునే కిట్లు మీ మనవరాలి వయసుకు సరిపోతాయి. ప్రతి భాగం మీద దాని గుర్తు ముద్రించి ఉంటుంది కనుక, ఏది ఎక్కడ కలిసిందో, కరెంటు ఏ దారిన పోయి ఏ దారిన తిరిగి వస్తుందో కంటికి స్పష్టంగా కనిపిస్తుంది. సూచనల పుస్తకం సాధారణంగా ఇంగ్లిషులోనే ఉన్నా, బొమ్మ చూసి అమర్చవచ్చు కాబట్టి అది పెద్ద అడ్డంకి కాదు. ఈ తరహా కిట్లలో చిన్నవి మీరనుకున్న మొత్తంలోపే దొరుకుతాయి.

రెండో రకం బ్రెడ్‌బోర్డ్ కిట్లు. నిండా చిన్న రంధ్రాలున్న తెల్లటి పలక అది. రంధ్రానికీ రంధ్రానికీ మధ్య దూరం 2.54 మిల్లీమీటర్లే. మధ్యలో ఒక గాడి, దానికి అటూ ఇటూ ప్రతి వరుసలో అయిదేసి రంధ్రాలు ఉంటాయి. ఆ అయిదూ లోపల ఒకే లోహపు పట్టీతో కలిసి ఉంటాయి. అసలు కలయిక కంటికి కనిపించదు కాబట్టి, లోపల ఏముందో ఊహించుకోగలిగే వయసు వచ్చేదాకా పిల్లలు దీనితో విసిగిపోతారు. ఒకటి రెండేళ్లు ఆగి, అప్పటికీ పాపకు ఆసక్తి ఉంటే ఇది తప్పకుండా కొనివ్వండి. ఎలక్ట్రానిక్స్ నేర్చుకునేవారు నిజంగా వాడే పరికరం ఇదే.

రోబో కారు మాత్రం ఇప్పుడు వద్దు. చూడడానికి ముచ్చటగా ఉంటుంది, పదిమందిలో నడిపి చూపించుకోవచ్చు. కానీ అటువంటి చాలా కిట్లలో సర్క్యూట్ ముందే తయారై ఒక బోర్డు మీద బిగించి వస్తుంది. పిల్లలు చేసేదల్లా చక్రాలు, మోటార్లు బిగించి, వైర్లు చెప్పిన చోట గుచ్చడమే. అది ఒక సాయంత్రంలో పూర్తవుతుంది, ఆ తరువాత కారు బొమ్మ కారే అవుతుంది. విప్పి లోపల చూడాలనే కోరిక ఉన్న పిల్లకు, విప్పినా అర్థం కాని వస్తువును ఇవ్వడం నాకు అన్యాయంగా తోస్తుంది.

మీ అబ్బాయి భయం గురించి చెబుతాను. రెండు పెన్సిల్ సెల్లతో నడిచే కిట్‌లో ఉండేది 3 వోల్టులు. గోడ ప్లగ్గులో ఉండేది 230 వోల్టులు. 3 వోల్టుల తీగను పొడి చేత్తో పట్టుకుంటే ఏమీ తెలియదు కూడా. ప్రమాదం కిట్‌లో లేదు. ‘కిట్‌లో వెలిగింది కదా, గోడ ప్లగ్గులోనూ పెట్టి చూద్దాం’ అనే ఆలోచనలో ఉంది. అందుకే పెట్టె విప్పిన మొదటి రోజే, ఈ తీగలు ఎన్నడూ గోడ ప్లగ్గు దగ్గరికి వెళ్లకూడదని, వెళ్తే ప్రాణానికే ముప్పని పాపకు సూటిగా చెప్పండి. గోడకు గుచ్చే అడాప్టర్‌తో నడిచే కిట్ ఈ వయసుకు కొనకండి. సెల్లతో నడిచేదే తీసుకోండి. రీచార్జ్ చేసే లిథియం సెల్లు ఉన్నవీ వద్దు, ఎందుకంటే వాటి రెండు కొసలూ నేరుగా కలిస్తే క్షణాల్లో విపరీతంగా వేడెక్కుతాయి, మంట అంటుకునే అవకాశమూ ఉంది. మామూలు పెన్సిల్ సెల్లు కూడా షార్ట్ అయితే వేడెక్కుతాయి కాబట్టి, సెల్ చేతికి వెచ్చగా తగిలిందంటే వెంటనే తీసేయడం పాపకు అలవాటు చేయండి.

కొనేటప్పుడు పెట్టె మీద ఐఎస్ఐ గుర్తు ఉందో లేదో చూడండి. 14 ఏళ్లలోపు పిల్లల ఆటవస్తువులకు ఈ గుర్తు ఉండి తీరాలని కేంద్ర ప్రభుత్వం 2020లో ఇచ్చిన ఉత్తర్వు 2021 జనవరి 1 నుంచి అమలులో ఉంది. సెల్లతో, కరెంటుతో నడిచే బొమ్మలకు వర్తించే ప్రమాణం సంఖ్య ఐఎస్ 15644. మన కొండపల్లి బొమ్మల వంటి భౌగోళిక గుర్తింపు పొందిన చేతివృత్తి బొమ్మలకు ఈ ఉత్తర్వు నుంచి మినహాయింపు ఉంది గానీ, ఎలక్ట్రానిక్ బొమ్మలకు లేదు.

మీ కోడలు చెప్పినదే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. కిట్లు బీరువా ఎక్కడానికి పిల్లల్లో ఆసక్తి చచ్చిపోవడమే కారణమని అనుకుంటాం. నేను గమనించినంతలో కారణాలు అంతకంటే చిన్నవి. సెల్లు పెట్టెతోపాటు రావు. తెచ్చి పెట్టేవాళ్లు ఉండరు. మూడో ప్రయోగంలో బల్బు వెలగదు. ఎందుకు వెలగలేదో వెతకడానికి పక్కన పెద్దవాళ్లు లేక, కిట్ పాడైపోయిందని పిల్లలు తీర్మానించుకుంటారు. నిజానికి వెలగని ఆ బల్బు దగ్గరే చదువు మొదలవుతుంది. కాబట్టి పుట్టినరోజు దాకా ఆగకుండా, సంక్రాంతి సెలవులకు పాప మీ ఇంటికి వచ్చినప్పుడే ఇచ్చేయమని నా సలహా. ఫిబ్రవరిలో బడి, హోంవర్కు, దగ్గర పడుతున్న పరీక్షల మధ్య పెట్టె విప్పే తీరిక ఎవరికీ ఉండదు. సెలవుల్లోనైతే మీరు పక్కన కూర్చోగలరు. సెల్లు ముందే కొని ఉంచండి.

పక్కన కూర్చున్నప్పుడు చేయి పెట్టకండి. ఇన్నేళ్లు పాఠం చెప్పినవారు కనుక, ఇది ఎంత కష్టమో, ఎంత అవసరమో మీకు నేను చెప్పనక్కరలేదు. వెలగకపోతే ‘ముందు ఏది చూద్దాం?’ అని అడగండి. సెల్లు సరైన దిక్కులో ఉన్నాయా? ప్రతి భాగం గట్టిగా నొక్కుకుందా? ఎల్‌ఈడీ తిరగబడిందా? మామూలు బల్బును ఎటు పెట్టినా వెలుగుతుంది, ఎల్‌ఈడీ మాత్రం కరెంటును ఒకే దిక్కున పోనిస్తుంది. దాన్ని తిప్పి పెట్టగానే వెలగడం చూసిన పిల్లకు ఆ సంగతి ఇక పుస్తకంలో చదివి గుర్తుపెట్టుకోవలసిన పని ఉండదు. ఇవన్నీ సరిగానే ఉంటే, ఒక్కొక్క భాగాన్నే మార్చి చూడమనండి. రెండు భాగాలు ఒకేసారి మారిస్తే తప్పు దేనిలో ఉందో తెలియదు.

కిట్‌లో బల్బులు రెండు ఉంటే పుస్తకాన్ని కాసేపు పక్కన పెట్టి, వాటిని మొదట ఒకదాని తరువాత ఒకటిగా, తరువాత పక్కపక్కన వేర్వేరు దారుల్లో కలిపించండి. మొదటి అమరికలో రెండూ మందంగా వెలుగుతాయి, ఒకటి ఊడదీస్తే రెండోదీ ఆరిపోతుంది. రెండో అమరికలో ఒకటి తీసినా మరొకటి వెలుగుతూనే ఉంటుంది. దసరాకు బెజవాడ వీధుల్లో కట్టే పాతకాలపు సీరియల్ సెట్లలో ఒక్క బల్బు పోతే వరుసంతా ఎందుకు ఆరిపోయేదో, ఇంట్లో వంటగది లైటు ఆర్పినా హాలులో లైటు ఎందుకు వెలుగుతుందో పాప తానే చెబుతుంది.

ఇంకొక మాట. విడిభాగం పోతే విడిగా దొరికే కిట్‌నే ఎంచుకోండి. పిల్లలు ఎల్‌ఈడీని ఒకటో రెండో కాల్చేస్తారు, కాల్చనివ్వాలి కూడా. కొన్ని రూపాయల ఎల్‌ఈడీ కాలినందుకు తిట్లు పడితే, తరువాత పుస్తకంలో లేని అమరిక చేసి చూడడానికి ఆ పిల్లకు చేయి రాదు.

ప్రశ్న: మా బాబు ఎనిమిదో తరగతి. ఆర్డుయినో కావాలని అడుగుతున్నాడు. ముప్పై ఏడు సెన్సర్లున్న పెద్ద కిట్ తీసుకోమని దుకాణం వారు అంటున్నారు. అంత అవసరమా? టంకం పెట్టే పరికరం కూడా కావాలట.
— ఒక తల్లి, సత్యనారాయణపురం, విజయవాడ

సమాధానం: అవసరం లేదమ్మా. ఆర్డుయినో అంటే, కంప్యూటరులో మనం రాసి ఎక్కించిన ప్రోగ్రాము ప్రకారం బల్బులను, మోటార్లను నడిపే చిన్న బోర్డు. ఒక ఆర్డుయినో ఊనో బోర్డు, దాన్ని కంప్యూటరుకు కలిపే యూఎస్‌బీ వైరు, ఒక బ్రెడ్‌బోర్డ్, కొన్ని ఎల్‌ఈడీలు, కరెంటును అదుపులో ఉంచే రెసిస్టర్లు, రెండు మూడు పుష్ బటన్లు, వెలుతురు సెన్సర్ ఒకటి ఉంటే మొదటి కొన్ని నెలలకు సరిపోతుంది. కావలసినవి అప్పుడప్పుడు గవర్నర్‌పేట వైపు ఎలక్ట్రానిక్ విడిభాగాల దుకాణాల్లో బాబునే వెళ్లి కొనుక్కోనివ్వండి. ఏది ఎందుకు కావాలో తేల్చుకుని చీటీ రాసుకోవడం కూడా ఈ పనిలో భాగమే. ఆర్డుయినో 2005లో ఇటలీలోని ఇవ్రియా పట్టణంలో విద్యార్థుల కోసం పుట్టింది. దాని నమూనాను అందరికీ బహిరంగంగా ఇచ్చారు కాబట్టి, అదే నమూనాతో వేరేవారు తయారు చేసిన తక్కువ ధర బోర్డులు కొనడంలో తప్పు లేదు. ఇంట్లో కంప్యూటరు ఉండాలన్నది మాత్రం మరవకండి.

బాబుకు రెండు లెక్కలు తెలిసి ఉండాలి. 9 వోల్టుల బ్యాటరీకి ఎర్ర ఎల్‌ఈడీని నేరుగా కలిపితే కాలిపోతుంది. ఎల్‌ఈడీకి కావలసింది సుమారు 2 వోల్టులే. మిగిలిన 7 వోల్టులను మధ్యలో పెట్టే రెసిస్టర్ భరించాలి. పసుపు, ఊదా, గోధుమ రంగు పట్టీలుండే 470 ఓముల రెసిస్టర్ పెడితే, 7ను 470తో భాగించగా దాదాపు 15 మిల్లీఆంపియర్ల కరెంటు పారుతుంది, అది సురక్షితం. అలాగే ఊనో బోర్డుల్లో ఆర్3 అనే రకంలో ఒక్కొక్క పిన్ (వైరు గుచ్చే చోటు) నుంచి 20 మిల్లీఆంపియర్లకు మించి తీసుకోకపోవడం మంచిది. మోటారును నేరుగా పిన్‌కు కలిపితే బోర్డు పాడవుతుంది, పిన్ ఇచ్చే చిన్న కరెంటుతో మోటారుకు కావలసిన పెద్ద కరెంటును నడిపించే ట్రాన్సిస్టరో, మోటారు డ్రైవరో మధ్యలో ఉండాలి.

టంకం సంగతి కొన్నాళ్లు ఆగవచ్చు. బ్రెడ్‌బోర్డ్ మీద చేసే పనులకు అది అక్కరలేదు. కొన్నప్పుడు 25 వాట్ల సాల్డరింగ్ ఐరన్, దాన్ని నిలబెట్టే స్టాండు కలిపి కొనండి. దాని మొన 300 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. టంకం తీగ కరిగేటప్పుడు పొగ వస్తుంది కాబట్టి, కిటికీ తెరిచి పెట్టుకోవాలి. మామూలు టంకం తీగలో సీసం ఉంటుంది కాబట్టి, పని చేస్తూ ఏమీ తినకూడదు, పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. మొదట్లో పెద్దవాళ్లు ఒకరు గదిలోనే ఉండండి. బాబు చదివే బడిలో అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉందేమో కనుక్కోండి. నీతి ఆయోగ్ ఆధ్వర్యంలో 6 నుంచి 12 తరగతుల వారి కోసం ఏర్పాటైన ఈ ల్యాబుల్లో ఇటువంటి పరికరాలు ఉంటాయి.

ప్రశ్న: మా పెద్దబాబుకు కిట్ కొనాలని ఉంది కానీ ఇంట్లో రెండేళ్ల పాప కూడా ఉంది. పర్వాలేదా?
— ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం: కొనవచ్చు, కానీ రెండు వస్తువులు లేని కిట్ చూసుకోండి: బటన్ సెల్లు, చిన్న చిన్న శక్తిమంతమైన అయస్కాంతాలు. నాణెం ఆకారంలో ఉండే 20 మిల్లీమీటర్ల లిథియం బటన్ సెల్‌ను పసిపిల్లలు మింగితే అది అన్నవాహికలో ఇరుక్కుని, రెండు గంటల్లోనే లోపల తీవ్రమైన కాలిన గాయం చేయగలదు. సెల్ పాతదైనా ఈ ప్రమాదం తప్పదు. రెండు అయస్కాంతాలు మింగితే అవి పేగు గోడలను మధ్యలో ఇరికించుకుని ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, పేగుకు రంధ్రం పడుతుంది. మిగతా భాగాలు కూడా గొంతుకు అడ్డుపడేంత చిన్నవే కనుక, పెద్దబాబును బల్ల మీదే ఆడుకోమనండి, ఆట అయ్యాక భాగాలు లెక్కపెట్టి మూత గట్టిగా ఉన్న డబ్బాలో, పాపకు అందని ఎత్తులో పెట్టించండి. బటన్ సెల్ మింగిందన్న అనుమానం వచ్చినా సరే, వాంతి చేయించే ప్రయత్నం చేయకండి, సాయంత్రం దాకా చూద్దామని అనుకోకండి. వెంటనే 108కి ఫోన్ చేసి, ఎక్స్‌రే సదుపాయం ఉన్న పెద్ద ఆసుపత్రికి తీసుకువెళ్లండి. దొరికితే అదే రకం సెల్‌నో, దాని పెట్టెనో వెంట తీసుకువెళ్తే వైద్యులకు ఉపయోగపడుతుంది.