సర్వర్ సందేహాలు: రాత్రి జాబ్ మధ్యలోనే ఎందుకు చస్తోంది?

ప్రశ్న: 8 జీబీ ర్యామ్ ఉన్న ఒకే సర్వర్ మీద ఎయిర్‌ఫ్లో (జాబులను వేళకు నడిపే సాఫ్ట్‌వేర్), పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ రెండూ నడుస్తున్నాయి. టాస్కులన్నీ అదే సర్వర్‌లో నడిపే లోకల్ ఎగ్జిక్యూటర్ వాడుతున్నాం. రాత్రి 2 గంటలకు మూడు పైథాన్ స్క్రిప్టులు ఒకేసారి మొదలవుతాయి. వాటిలో పెద్దది 1.2 జీబీ సీఎస్‌వీ ఫైలును పాండాస్ (టేబుళ్లతో పనిచేసే పైథాన్ లైబ్రరీ)తో చదువుతుంది. వారానికి రెండు మూడుసార్లు అది మధ్యలో ఆగిపోతోంది. లాగ్‌లో ఎర్రర్ ఉండదు, రిటర్న్ కోడ్ మైనస్ 9 అని మాత్రం ఉంటుంది. పగలు విడిగా నడిపితే బాగానే పూర్తవుతోంది. 1.2 జీబీ ఫైలుకు 8 జీబీ చాలదా?

జవాబు: మైనస్ 9 అంటే బయటి నుంచి ఎవరో సిగ్నల్ 9 (తక్షణం ఆపేసే ఆదేశం) పంపి ఆ ప్రాసెస్‌ను చంపేశారని. మీ సర్వర్‌లో ఆ పని చేసేది చాలావరకు లినక్స్ కెర్నెలే (ఓఎస్ మూలభాగం). ర్యామ్ పూర్తిగా అయిపోయినప్పుడు ఎక్కువ మెమరీ తింటున్న ప్రాసెస్‌ను ఎంచి తీసేస్తుంది. ఆ సిగ్నల్‌ను పైథాన్ పట్టుకోలేదు కాబట్టి లాగ్‌లో ఏమీ రాయలేదు. బాష్ ఆపరేటర్ (షెల్ కమాండ్లు నడిపే ఎయిర్‌ఫ్లో టాస్క్) కింద నడిపిన స్క్రిప్టు పోతే ఇదే చాలాసార్లు 137 అని కనిపిస్తుంది (128కి సిగ్నల్ నంబరు 9 కలిపితే వచ్చే అంకె). ముందు కెర్నెల్ లాగ్ తెరిచి ‘కిల్డ్ ప్రాసెస్’ అని వెతకండి. ఆ వరుసలో ప్రాసెస్ పేరు, చనిపోయేటప్పుడు అది పట్టుకున్న మెమరీ కిలోబైట్లలో ఉంటాయి.

ఇక ఫైలు సైజు సంగతి. 12 అక్షరాల ఇన్‌వాయిస్ నంబరు సీఎస్‌వీలో కామాతో కలిపి 13 బైట్లు. అదే పాండాస్ ఆబ్జెక్ట్ కాలమ్‌లోకి వస్తే ఒక్కో నంబరూ ఒక పైథాన్ స్ట్రింగ్ అవుతుంది. స్ట్రింగ్‌కు, దాన్ని చూపే పాయింటర్‌కు కలిపి 60 నుంచి 70 బైట్లు. కోటి వరుసలుంటే డిస్కు మీద 130 ఎంబీ ఉన్న కాలమ్ ర్యామ్‌లో 600 ఎంబీ దాటుతుంది. పేర్లు తెలుగులో ఉంటే ఇంకో సంగతి: స్ట్రింగ్‌లో ఒక్క తెలుగు అక్షరం ఉన్నా పక్కనున్న ఇంగ్లిష్ అక్షరాలకూ పైథాన్ రెండేసి బైట్లు కేటాయిస్తుంది. దీనిమీద ఒక మెర్జ్ (ఇంకో టేబుల్‌తో కలపడం) చేశారంటే పాత టేబుల్, కొత్త టేబుల్ రెండూ కాసేపు ర్యామ్‌లోనే ఉంటాయి. స్క్రిప్టు పడేది ఎక్కువగా అక్కడే.

కాబట్టి ముందు కొలవండి. బాష్‌లోనే ఉండే టైమ్ కాకుండా, జీఎన్‌యూ టైమ్ ప్రోగ్రామ్‌ను పూర్తి పాత్‌తో పిలిచి, వీ (-v) ఆప్షన్ ఇచ్చి స్క్రిప్టు నడపండి. చివర్లో ‘మాగ్జిమమ్ రెసిడెంట్ సెట్ సైజ్’ అని వచ్చేదే ఆ స్క్రిప్టు పీక్, అంటే అది వాడిన గరిష్ఠ ర్యామ్. మూడింటికీ విడివిడిగా తీయండి. 3.5, 1.5, 1 జీబీ వచ్చాయనుకుందాం. మొత్తం 6 జీబీ. పోస్ట్‌గ్రెస్‌కు, ఎయిర్‌ఫ్లో సొంత ప్రాసెస్‌లకు, ఓఎస్‌కు కలిపి మూడు జీబీ పోతే 8లో మిగిలేది 5. పగలు ఒక్కటే నడిపితే ఎందుకు పూర్తవుతోందో లెక్క ఇక్కడే తేలిపోతుంది.

చవకైన మందు పూల్, అంటే ఒకేసారి ఎన్ని టాస్కులు నడవాలో కట్టడి చేసే స్లాట్ల గుంపు. ఎయిర్‌ఫ్లోలో రెండు స్లాట్ల పూల్ ఒకటి పెట్టి, పెద్ద స్క్రిప్టుకు రెండు స్లాట్లు, చిన్నవాటికి ఒక్కోటి ఇవ్వండి. పెద్దది నడిచేటప్పుడు మిగతావి ఆగుతాయి. మొత్తం మీద ఒకేసారి నడవగల టాస్కుల డిఫాల్ట్ పరిమితి 32. 8 జీబీ సర్వర్ మీద ఆ అంకెను అలాగే వదిలేయకండి. రీట్రైల (మళ్లీ ప్రయత్నాల) సంఖ్య పెంచడం మాత్రం దీనికి మందు కాదు, అదే స్క్రిప్టు అదే చోట మళ్లీ పడుతుంది.

స్క్రిప్టులో చేయాల్సినవి: అవసరమైన కాలమ్‌లే చదవండి. జిల్లా, స్టేటస్ లాంటి కొన్నే విలువలు తిరిగే కాలమ్‌లను కేటగిరీగా చదివితే ఒక్కో వరుసకు 8 బైట్ల పాయింటర్ చోట 1 బైటు సరిపోతుంది. ఇన్‌వాయిస్ నంబర్ల లాంటివి పైయారో (డేటాను కుదించి పేర్చే లైబ్రరీ) స్ట్రింగ్‌గా పెడితే ఒక్కోటి 20 బైట్ల దగ్గర ఆగుతాయి. అప్పటికీ చాలకపోతే 5 లక్షల వరుసల చొప్పున చంకులుగా (ముక్కలుగా) చదవండి. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. చంకులన్నీ ఒక లిస్టులో పోగేసి చివర కలిపేస్తారు. అలా చేస్తే మొత్తం ఫైలు మళ్లీ ర్యామ్‌లోకే వస్తుంది, కలిపే క్షణంలో రెండింతలు. చంకు దగ్గరే మొత్తం, వరుసల సంఖ్య తీసి ఆ చిన్న ఫలితాన్నే దాచుకోండి. సగటు కావాలంటే చంకుల సగటులకు సగటు కట్టకండి, తప్పు వస్తుంది. మొత్తాలన్నీ కూడి, వరుసల సంఖ్యలన్నీ కూడిన అంకెతో భాగించండి. మీడియన్ (మధ్య విలువ) లాంటివి చంకులతో సరిగా రావు, వాటికి డక్‌డీబీ (స్క్రిప్టులోనే నడిచే చిన్న డేటాబేస్) మంచిది. అయితే అది డిఫాల్ట్‌గా ర్యామ్‌లో 80 శాతం దాకా వాడుకుంటుంది. మీ సర్వర్‌లో దాని మెమరీ లిమిట్ 2 జీబీకి తగ్గించండి.

చివరిగా ఒక కంచె. రేపు ఫైలు రెండింతలైతే కెర్నెల్ ఏ ప్రాసెస్‌ను ఎంచుకుంటుందో చెప్పలేం. పోస్ట్‌గ్రెస్ కనెక్షన్ ప్రాసెస్ ఒక్కటి అలా చనిపోయినా డేటాబేస్ కనెక్షన్లన్నీ తెంచుకుని రికవరీలోకి వెళ్తుంది. ఎయిర్‌ఫ్లో షెడ్యూలర్‌ను సిస్టమ్‌డీ (లినక్స్ సర్వీసులను నడిపే వ్యవస్థ) సర్వీసుగా నడుపుతుంటే దానికి మెమరీమ్యాక్స్ (గరిష్ఠ మెమరీ సెట్టింగు) 5జీ అని పెట్టండి. లోకల్ ఎగ్జిక్యూటర్ టాస్కులన్నీ ఆ గ్రూపులోనే పుడతాయి కనుక పరిమితి దాటితే అందులోవే పోతాయి. దాంతోపాటు ఓఓఎమ్‌పాలసీ (మెమరీ అయిపోయినప్పుడు ఏం చేయాలో చెప్పే సెట్టింగు) దగ్గర తప్పకుండా ‘కంటిన్యూ’ అని పెట్టండి. డిఫాల్ట్ ‘స్టాప్’గా వదిలేస్తే, ఒక టాస్క్ చచ్చినందుకు షెడ్యూలర్ సర్వీసు మొత్తం ఆగిపోతుంది.

ప్రశ్న: పెంటాహోలో (డేటా తరలించే సాఫ్ట్‌వేర్) ఒక జాబ్ షెల్ స్టెప్ నుంచి మూడు కిచెన్ (జాబ్‌ను కమాండ్‌తో నడిపే ప్రోగ్రామ్) స్క్రిప్టులను ఒకేసారి పిలుస్తుంది. మెమరీ చాలడం లేదని జావా హీప్‌ను (జావా తన డేటా పెట్టుకునే మెమరీని) 2 జీబీ నుంచి 12కి పెంచాం. సర్వర్‌లో 16 ఉంది. ఇప్పుడు ఇంకా ఎక్కువగా పడిపోతోంది.

జవాబు: పెంచడమే కారణం. ప్రతి కిచెన్ పిలుపుకూ ఒక కొత్త జావా మెషిన్ లేస్తుంది. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో పెట్టిన 12 జీబీ అనుమతి తల్లి జాబ్‌తో సహా నాలుగింటికీ అందుతుంది, అంటే కాగితం మీద 48 జీబీ. హీప్ బయట థ్రెడ్లకు, మెటాస్పేస్‌కు (క్లాసుల వివరాలు ఉండే చోటుకు) అయ్యేది వేరు. లాగ్‌లో ‘జావా హీప్ స్పేస్’ అని ఉంటే హీప్ చాలలేదని, పెంచొచ్చు. 137తో చప్పుడు లేకుండా పోతే సర్వర్‌లోనే చోటు లేదని, తగ్గించాలి. తల్లి జాబ్‌కు 1 జీబీ, పిల్లలకు 3 చొప్పున ఇచ్చి చూడండి. వేరియబుల్‌ను ఆయా షెల్ స్క్రిప్టులోనే విడిగా మార్చొచ్చు.

హీప్ తినేది ఎక్కువగా ట్రాన్స్‌ఫర్మేషన్ (డేటా మార్చే స్టెప్‌ల వరుస) సెట్టింగులే. ఒక స్టెప్‌కు, తర్వాతి స్టెప్‌కు మధ్య 10,000 వరుసలు క్యూలో నిలవగలవు. వరుస 5 కేబీ అయితే ఒక్కో హాప్‌కు (రెండు స్టెప్‌ల మధ్య లింకుకు) 50 ఎంబీ, 20 హాప్‌లకు 1 జీబీ. వెడల్పాటి వరుసలకు దాన్ని 1,000కి దించండి. సార్ట్ స్టెప్ డిఫాల్ట్‌గా పది లక్షల వరుసలు ర్యామ్‌లో పెట్టుకుంటుంది, దాన్నీ లక్షకు తగ్గించండి, మిగతావి టెంప్ ఫైళ్లలోకి వెళ్తాయి.

ప్రశ్న: ర్యామ్ వివరాలు చూపే ఫ్రీ కమాండ్ ఎప్పుడు చూసినా 200 ఎంబీయే ఖాళీ అంటోంది. గంటకోసారి కెర్నెల్ కాష్ ఖాళీ చేసేలా క్రాన్ (వేళకు కమాండ్ నడిపే షెడ్యూల్) పెట్టొచ్చా?

జవాబు: వద్దు. మీరు చూడాల్సింది ‘ఫ్రీ’ కాలమ్ కాదు, ‘అవైలబుల్’ కాలమ్. డిస్కు నుంచి చదివిన ఫైళ్లను కెర్నెల్ ఖాళీ ర్యామ్‌లో దాచుకుంటుంది, స్క్రిప్టులకు కావలసినప్పుడు వదిలేస్తుంది. గంటకోసారి తుడిచేస్తే పైప్‌లైన్ అవే ఫైళ్లను మళ్లీ డిస్కు నుంచి చదవాలి, జాబులు నెమ్మదిస్తాయి.