ఆరో నెలలో మళ్లీ గ్లూకోజ్ పరీక్షా?

ప్రశ్న: మా కోడలికి ఆరో నెల. మూడో నెలలో గ్లూకోజ్ నీళ్లు తాగిన పావుగంటకే వాంతి చేసుకుంది. అయినా రక్తం తీసి, షుగర్ లేదన్నారు. ఇప్పుడు మళ్లీ తాగమంటున్నారు. మా రెండు వైపులా ఎవరికీ షుగర్ లేదు. తప్పదా డాక్టరుగారూ?
- ఒక అత్తగారు, తెనాలి

జవాబు: తప్పదమ్మా. నన్నడిగితే ఆ మొదటి పరీక్షను అసలు లెక్కలోకే తీసుకోను. తాగిన అరగంటలోపు వాంతయితే మర్నాడు మళ్లీ చేయాలి. అరగంట దాటాక అయితే ఫర్వాలేదు, పరీక్ష కొనసాగించవచ్చు.

వంశంలో లేకపోయినా గర్భంతో షుగర్ రావచ్చు. నెలలు పెరిగేకొద్దీ మావి నుంచి వచ్చే హార్మోన్లు ఇన్సులిన్ పనికి అడ్డుపడతాయి. అందుకే 24 నుంచి 28 వారాల మధ్య మళ్లీ చూస్తాం. పరగడుపున రానక్కర్లేదు. 75 గ్రాముల గ్లూకోజ్‌ను 300 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి, ఐదు పది నిమిషాల్లో నిదానంగా తాగించండి. గటగటా తాగితేనే వికారం. రెండు గంటల తర్వాత 140 గానీ అంతకు మించి గానీ ఉంటే గర్భిణి షుగర్ అంటాం. చాలామందికి తిండి మార్పు, నడకతోనే అదుపులోకి వస్తుంది. కాన్పయిన ఆరు వారాలకు మరోసారి చూడాలి. పసిబిడ్డ హడావుడిలో అందరూ మరిచేది ఇదే!

అన్నట్టు, ప్రభుత్వాసుపత్రుల్లో ప్రతి నెలా 9న గర్భిణులను ఉచితంగా చూస్తారు. కోడలితో వెళ్లినప్పుడు మీ బీపీ, షుగర్ కూడా చూపించుకోండి. ఉత్తరంలో మీ సంగతి ఒక్క ముక్కా రాయలేదు.